డాల్టన్ కన్ను

జాన్ డాల్టన్ పేరు మనకు బడిలో అణుసిద్ధాంతంతో పరిచయమవుతుంది. వైద్యులు ఆయనను మరొక కారణంగానూ స్మరిస్తారు. తన చూపులోని లోపాన్ని శాస్త్రచర్చకు పెట్టి, దాని పరీక్షకు సొంత కళ్లనే అప్పగించిన మనిషి ఆయన.

1792లో ఒక జెరేనియం పువ్వు ఆయనను ఆలోచనలో పడవేసింది. పగటి వెలుగులో నీలంగా తోచిన పువ్వు కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా కనిపించింది. సోదరునికి తప్ప మిత్రులెవరికీ ఆ మార్పు కనిపించలేదు. ఎర్రని లక్కకడ్డీకీ లారెల్ ఆకుకూ రంగులో తేడా తెలియకుండానే ఆయన 26 ఏళ్లు గడిపాడు. ఫలానా పువ్వు నీలమా, గులాబీయా అని నిజంగానే అడిగితే వేళాకోళమనుకొన్నారు.

1794 అక్టోబరు 31న మాంచెస్టర్ సాహిత్య తాత్విక సంఘంలో ఆయన ఈ సంగతులన్నీ చదివాడు. కనుగుడ్డును నింపే స్వచ్ఛమైన జిగురు పదార్థం తన విషయంలో నీలిరంగు కలిగి, ఎర్రని కిరణాలను మింగివేస్తున్నదని ఆయన ఊహ. అది నిజమో కాదో తేల్చడానికి, తాను పోయాక కళ్లు కోసి చూడమన్నాడు.

1844లో ఆయన మరణించగానే వైద్యుడు జోసెఫ్ రాన్సమ్ ఆ పని చేశాడు. జిగురు పదార్థంలో నీలం లేదు. రెండవ కంటి వెనుక భాగాన్ని కోసి దాని గుండా చూస్తే ఎరుపూ ఆకుపచ్చా ఎప్పటిలాగే వేరువేరుగా కనిపించాయి. లోపం ఆ పదార్థానిది కాదని తేలిపోయింది.

కంటిలో మూడు రకాల గ్రాహకాలుంటాయనీ, డాల్టన్‌కు ఎరుపుకు సంబంధించినది కొరవడిందనీ థామస్ యంగ్ అంతకు చాలాముందే ఊహించాడు. భద్రపరచిన ఆ కంటి ముక్కల నుంచి 1995లో డీఎన్ఏ తీసి పరీక్షించారు. లేనిది మధ్యస్థ తరంగాలకు, అంటే ఆకుపచ్చ ప్రాంతానికి, బాగా స్పందించే గ్రాహకపు జన్యువు. యంగ్ చూపిన దారి సరైనదే, పేర్కొన్న గ్రాహకం మాత్రం వేరు.

రంగు వెలుగులో సిద్ధంగా ఉండే సరుకు కాదు. ఈ గ్రాహకాల స్పందనలను ఒకదానితో ఒకటి పోల్చి మెదడు దానిని నిర్ణయిస్తుంది. పోల్చవలసినవాటిలో ఒకటి లేకపోతే కొన్ని తేడాలు అసలు పుట్టవు.

తెలుగులో ‘పచ్చ’ పసుపుకూ చెల్లుతుంది, ఆకుకూ చెల్లుతుంది. మాట ఒకటే అయినా కన్ను రెంటినీ వేరు చేస్తూనే ఉంటుంది. డాల్టన్ దగ్గర ఎరుపుకూ ఆకుపచ్చకూ రెండు మాటలున్నాయి. చూపుకు మాత్రం ఆ రెండూ ఒకే తావులో కలిసిపోయాయి. ఇద్దరు ఒకే రంగుపేరు పలికినంత మాత్రాన ఒకే రంగు చూశారనుకోలేము. ఆయన ఊహ తప్పయినా, పరీక్షకు విడిచిపెట్టిన కన్ను నూటయాభై ఏళ్ల తరువాత జవాబిచ్చింది.