సోలిదారితే: ఒక యధివాస్తవిక తామ్రముద్రాసంపుటము

తామ్రఫలకచిత్రములతోఁ గూడిన గ్రంథము అచ్చుపుస్తకమయ్యును వ్రాఁతప్రతివలె విరళము. మైనపుఁబూఁత గల రాగిరేకుపై సూదితో గీచి యామ్లమున ముంచఁగా గీఁతలు గుంటలగును. వానిలోని సిరా తడికాగితమున కెక్కును. ఒత్తినకొలఁది గీఁత యరుగును. కావున ప్రతులు పరిమితములు, సంఖ్యాంకితములు.

అధివాస్తవిక కవులును జిత్రకారులును ఈ పద్ధతి నాదరించిరి. 1927లో హేటరు పారిసున స్థాపించిన కర్మశాల పిదప ‘అతెలియే 17’ అని ప్రసిద్ధమయ్యెను. 1938లో ఎల్యూఆరు కవితకై పికాసో, మీరో, తాంగీ, మాసోను, హేటరు మున్నగు నేడుగురు తలకొక ఫలకమును జెక్కిరి. స్పెయినునందలి గణతంత్రపక్షమునకుఁ దోడ్పాటుగా ‘సోలిదారితే’ యను పేర 150 ప్రతులు వెలువడెను. తరువాతికాలమున నీ కర్మశాలకు సహనిర్దేశకులైన కృష్ణారెడ్డిగారు 1925లో చిత్తూరు ప్రాంతమున జన్మించిన యాంధ్రులు.

ఇట్టి సంపుటములను విడఁదీసి, పేరుపడ్డ చిత్రకారుల పత్రములను వేఱుగా విక్రయించుట కలదు. అపుడు చిత్రమునకు వెల దక్కును, కవిత దిక్కులేనిదగును. తాళపత్రప్రతిలో నొక కమ్మ పోయిన నెంత లోపమో పండితు లెఱుఁగుదురు. ఇచట లోప మంతకంటె నధికము. ఏడుగు రొక్కటి యగుటయే యీ సంపుటమున కర్థము. పత్రములు చెదరిన నది మిగులదు. సంపూర్ణప్రతిని గాపాడువాఁడే నిజమైన సేకర్త.