మీ ఊరి హైస్కూలు ఫలితాలు ఎలా చదవాలి?

పదో తరగతిలో 12 మందే ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో ఒక్కరు తప్పితే ఉత్తీర్ణత 91.67 శాతం. ఇద్దరు తప్పితే 83.33. అదే 120 మంది రాసిన బడిలో ఒక్కరు తప్పినా 99.17 శాతం ఉంటుంది. అందుకే చిన్న బడిని ఒక్క ఏడాది శాతంతో అంచనా వేయకూడదు. కనీసం మూడు, నాలుగేళ్ల ఫలితాలు కలిపి చూడాలి.

శాతం కంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఉత్తీర్ణత లెక్కించేది పరీక్ష రాసినవారిలోనే. మధ్యలో బడి మానేసినవారు ఆ లెక్కలోకి రారు. రెండేళ్ల కిందట ఎనిమిదిలో 18 మంది ఉండి, ఇప్పుడు పదిలో 12 మందే ఉంటే, నూరు శాతం వచ్చినా ఆ ఆరుగురి సంగతి అడగాల్సిందే. టీసీ తీసుకుని గురుకులానికో, కస్తూర్బా విద్యాలయానికో వెళ్లి ఉంటే సరే. పనికి వెళ్లినా, పెళ్లయి ఆగిపోయినా అది వేరే కథ.

తరగతులవారీగా బాలురు, బాలికలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థుల సంఖ్య కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ రిపోర్టు కార్డులో ఉంటుంది. ఉపాధ్యాయులెందరో కూడా తెలుస్తుంది. బడి 11 అంకెల కోడ్‌తో దాన్ని వెతకవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో అది 28తో, తెలంగాణలో 36తో మొదలవుతుంది. తగ్గినవారిలో బాలికలే ఎక్కువ అనిపిస్తే ప్రధానోపాధ్యాయుడిని టీసీల వివరం అడగండి. ఇదే ప్రశ్నను తల్లిదండ్రుల కమిటీ సమావేశంలోనూ లేవనెత్తవచ్చు.