ఆరు తర్వాత రండి

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. విజయవాడ బీసెంట్ రోడ్డులో తోపుడు బండ్ల మీద బల్బులు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. బట్టల షాపు రెండో అంతస్తులో, ఫ్యాన్సీ చీరల కౌంటరు వెనక, నువ్వు ఒంటి బరువు ఎడమ కాలి మీంచి కుడి కాలి మీదకి మార్చుకుంటావు. కాసేపట్లో షట్టరు దించుతారులే అనుకుంటుండగానే లిఫ్టు తలుపు తెరుచుకుంటుంది. పెళ్లివారు. ముందు పెద్దావిడ, వెనక ఇద్దరు కోడళ్లు, ఆ వెనక ఫోనులో తల దూర్చేసిన మనవడు.

"అమ్మాయ్, పెట్టుబడి చీరలు చూపించమ్మా. ఎనిమిది వందల లోపు. ఓ పాతిక కావాలి."

"రండమ్మా, కూర్చోండి" అంటావు. కూర్చోవడానికి కుర్చీలు వాళ్ల వైపు ఉన్నాయి. నీ వైపు లేవు. మొదట్లో ఓ స్టూలు ఉండేదట, ఉంటే కూర్చుంటున్నారని తీసేశారు. చీర మడత విప్పి, ఒక్క విసురుతో కొంగు కౌంటరు మీద పరుస్తావు. "ఉతికినా రంగు పోదమ్మా, చేతికి తీసుకుని చూడండి." పెద్దావిడ రెండు వేళ్లతో నలిపి చూస్తుంది, పెదవి విరుస్తుంది. ఇంకోటి. మరోటి. చీరల కుప్ప నీ గడ్డం దాకా వస్తుంది. విప్పిన ప్రతి చీరా మళ్లీ పాత మడతల మీదే పడాలి, అదీ వాళ్లు వెళ్లాకే. ఆ కుప్ప చూసినప్పుడే నీకు రాత్రి ఇంటికి చేరే టైము తెలిసిపోతుంది.

ఫోను కింద లాకర్లో ఉంది. ఫ్లోరు మీద ఫోను పట్టుకోకూడదు. ఈ పాటికి అత్తయ్య పాపకి అన్నం పెట్టేసి ఉంటుంది. తిందా? రేపటి డిక్టేషను చదివిందా? ఎవరు చదివిస్తారు?

ఈ నిలబడే సంగతి ఒక్క బెజవాడది కాదు. కోళికోడు మిఠాయి వీధిలో, ఇలాంటి షాపుల్లోనే పనిచేసే ఆడవాళ్లు, మాకూ కూర్చునే హక్కు కావాలని ఏళ్ల తరబడి కొట్లాడారు. 2018లో కేరళ తన షాపుల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా ఆ దారే పట్టింది. నీకు ఈ కబురు ఎవరూ చెప్పలేదు. చెప్పినా, పై మూల నుంచి నిన్నే చూస్తున్న సీసీ కెమెరా వైపు ఓసారి చూసి ఊరుకునేదానివి. ఇంకోటి కూడా ఉంది. మూడు అంతస్తుల్లో కలిపి వంద మందికి పైనే ఉంటారు మీరు. 50 మంది, ఆపైన పనిచేసే చోట పసిపిల్లల కోసం క్రెష్ ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో తెచ్చిన సవరణ చెప్పింది. నువ్వు చేరినప్పుడు పాపకి మూడేళ్లు. మీ పై అంతస్తులో గోడౌను ఉండేది.

షట్టరు దించేసరికి పదవుతుంది. షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని, సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కి దిగి, గుమ్మంలో చెప్పులు విప్పేసరికి పాప నిద్రపోయి ఉంటుంది. దాని అరచేతిలో పెన్నుతో ఏదో రాసి ఉంది. వంగి చూస్తావు: "అమ్మా, సైను". డైరీ మీద సంతకం. పొద్దున గుర్తు చేయడానికి రాసుకుంది.

జీతం చాలక మానేశావని తర్వాత అందరూ అనుకుంటారు. నెలకి 14,000. తక్కువే. కానీ నిన్ను కదిలించింది జీతం కాదు, గడియారం. బడి వదిలే వేళకే షాపు నిండటం మొదలవుతుంది. బడికి సెలవైతే షాపుకి పండగ. ఆదివారం, దసరా, సంక్రాంతి: పిల్ల ఇంట్లో ఉండే రోజేదో చెప్పండి, ఆ రోజు షాపులో సెలవు అడగడానికి వీల్లేదు. నీ వారపు సెలవు మంగళవారం. మంగళవారం పాప బడిలో ఉంటుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. బట్టల వ్యాపారం నడిచేదే ఇతరుల తీరిక వేళల్లో. ఆ తీరిక పాపకీ అప్పుడే దొరుకుతుంది, అంతే.

2025 జూన్ 12న బళ్లు తెరిచారు. పాప రెండో తరగతికి వచ్చింది. ఆ వారంలోనే ఫ్లోర్ మేనేజరు ముందు నిలబడతావు.

"ఇప్పుడా మానేసేది? నెలాఖరుకి ఆషాఢం వస్తోంది. ఆఫర్లు పెడుతున్నాం. జనాన్ని ఎవరు పట్టుకుంటారు? రెండు నెలలాగు, ఓ వెయ్యి పెంచమని నేను చెప్తా."

"పెంచకపోయినా పర్లేదు సార్. ఆదివారం సెలవు ఇప్పించండి."

ఆయన నవ్వేస్తాడు. వెటకారం కాదు, నిజంగానే నవ్వొచ్చింది. "ఆదివారం సెలవిస్తే ఇంక కొట్టెందుకమ్మా?"

ఆయనకీ ఇద్దరు పిల్లలు. వాళ్లనీ ఆయన నిద్రలోనే చూస్తాడు. ఆ సంగతి మీరిద్దరూ ఎత్తుకోరు.

ఇప్పుడు ఇంట్లోకి రా. ముందు గది. కిటికీ కింద కుట్టు మిషను. గోడ మీద నీ నడుం ఎత్తున మట్టి రంగు చార ఒకటి, ఎన్ని సున్నాలు వేసినా లోపల్నుంచి పైకి తేలుతోంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఇంట్లోకి వచ్చి వెళ్లిన గుర్తు. పెళ్లికి అమ్మ ఇచ్చిన మిషను ఆ నీళ్లలో మునిగింది. చెక్క ఉబ్బిపోయి పలకలుగా ఊడింది. ఇనుము మాత్రం మొండిది. విప్పి, కిరసనాయిలుతో కడిగి, నూనె పోస్తే మళ్లీ తిరిగింది. నేల అంతస్తు మునిగిన ఇళ్లకి ప్రభుత్వం ఇచ్చిన 25,000లో కొంత పెట్టి కొత్త బల్ల కొన్నారు, మోటారు బిగించారు. అప్పటికి షాపు మానే ఆలోచన నీకు లేదు. ఫాలూ పీకో ఇంట్లోనే వేసుకుంటే డబ్బులు మిగులుతాయని మాత్రమే.

పొద్దున మీ ఆయన ఆటోనగర్ షెడ్డుకి, పాప బడికి వెళ్లాక నీ పని మొదలవుతుంది. ముందు నీళ్లు. లైనింగు గుడ్డనీ కాటన్ ఫాలునీ తడిపి ఆరేయాలి. తడపకుండా కుట్టిచ్చావో, మొదటి ఉతుకులోనే లైనింగు కుంచించుకుపోయి జాకెట్టు ముడతలు పడుతుంది, ఆ ముడతలతో పాటు నీ పేరూ వీధంతా తిరుగుతుంది. ఆది జాకెట్టు బల్ల మీద పరిచి, భుజం, చంక, నడుం, మెడ లోతు. సుద్దతో గీత. కత్తెర పడ్డాక వెనక్కి రాదు కాబట్టి, కత్తిరించేటప్పుడు మాత్రం ఎవరైనా పలకరిస్తే నీకు కోపం వస్తుంది.

పలకరిస్తారు. పలకరించకపోవడమేం!

"ఇంట్లోనే ఉన్నావుగా, గ్యాసు బండ వస్తే కాస్త తీసుకో." పై వాటా వాళ్ల పార్సిలు. పక్కింటి వాళ్ల తాళంచెవి. అత్తయ్య వంటింట్లోంచి: "అమ్మాయ్, ఎలాగూ కూర్చునే ఉన్నావుగా, కాస్త ఈ చింతపండు గింజలు తియ్యి." షాపులో నీ టైమంతా ఒకడి చేతిలో ఉండేది. ఇక్కడ తలా కాస్త తుంచుకుపోతున్నారు. పెట్టింది తింటూ, ఇంటి పట్టున కుట్టుకుంటూ ఎంత హాయి అని చుట్టాలు అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. అందులో హాయి ఎంతో, చంక దగ్గర చేయి పట్టట్లేదని తిరిగొచ్చిన జాకెట్టు విప్పి కుడుతూ రాత్రి పదకొండింటికి కూర్చున్న మనిషిని అడగాలి.

ఆ ఆగస్టు 15న రాష్ట్రంలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితమైంది. ఇన్నేళ్లూ రోజూ ఆటోకి పోసిన డబ్బులు తలుచుకుని ఒక్కదానివే నవ్వుకున్నావు. అయినా ఆ టికెట్టు ఊరికే పోలేదు, లైనింగులకీ దారాలకీ వన్‌టౌన్ వస్త్రలతకి వెళ్లడానికి పనికొచ్చింది.

శ్రావణంలో నీ గది చూడాలి. ఆషాఢం ఆఫర్లలో బీసెంట్ రోడ్డులో అమ్ముడుపోయిన చీరలన్నీ మిషన్లని వెతుక్కుంటూ బయల్దేరాయి. షాపులో ఉన్నప్పుడు ఆషాఢంతోనే నీ ఒళ్లు హూనమయ్యేది, శ్రావణం కాస్త నెమ్మది. ఇప్పుడు తారుమారు. వరలక్ష్మీ వ్రతానికి ముందు వారం, మంచం మీద, ఫ్రిజ్ మీద, పాప పుస్తకాల మీద, ఎక్కడ చూసినా కవర్లు. లైనింగు జాకెట్టుకి 400, ఫాలూ పీకోకి 100. వచ్చినవాళ్లలో సగం మంది నిన్ను కౌంటరు వెనక చూసినవాళ్లే. వాళ్లకి నీ కుట్టు కంటే నీ కన్ను ఇష్టం. "ఈ చీర మీదకి ఏ రంగు వేయించుకోమంటావు?" అని వాట్సాప్‌లో ఫొటోలు పెడతారు. ఆకుపచ్చ చీరకి ఆకుపచ్చే అడిగే మనిషి ఎవరో, వంకాయ రంగుకి ఒప్పుకునే మనిషి ఎవరో నీకు మొహం చూస్తేనే తెలుసు. కౌంటరు వెనక ఊరికే నిలబడలేదు నువ్వు. ఆ నెల చేతికి 20,000 దాటింది. ఆయన రెండుసార్లు లెక్కపెట్టాడు.

నవంబరు చివర్లో శుక్ర మూఢం మొదలైంది. ఫిబ్రవరి దాకా పెళ్లిళ్లు లేవు. పెళ్లిళ్లు లేకపోతే పెళ్లి జాకెట్లు లేవు, పెట్టుబడి చీరలకి ఫాల్సు లేవు. డిసెంబరులో 5,000 కూడా రాలేదు. జీతానికి మూఢం ఉండదు. దాని విలువ సరిగ్గా అప్పుడే తెలిసింది. జీతంలోంచి ఈఎస్‌ఐకి నెలకి 105 రూపాయలు కోసేవారు, నూటికి ముప్పావలా లెక్కన. షాపువాళ్లు దానికి 455 కలిపేవారు. ఆ కాగితం మీద గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రిలో పాపకి మందులు వచ్చేవి. పని మానేసిన కొన్నాళ్లకి ఆ కార్డు చెల్లదు. పీఎఫ్ ఖాతాలో కొత్త అంకె పడదు. ఇలాంటప్పుడు నీ కుట్టు డబ్బుల్లోంచి నీకు నువ్వే కోసుకుని దాచుకోవాలి. దాచుకుంటున్నావా? పోయిన నెల దాచింది పాప జ్వరానికే పోయింది.

సరిగ్గా ఆ మూఢంలోనే పాత షాపు నుంచి ఫోను. మేనేజరే. "ఫాల్సు జాబ్‌వర్కుకి ఇస్తాం, కుడతావా? చీరకి నలభై." కస్టమరు దగ్గర ఎంత తీసుకుంటారో నీకు తెలుసు. ఆ బిల్లులు ఇప్పించింది నువ్వే. దారం నీది, కరెంటు నీది, మోకాళ్ల నొప్పి నీది. ఓ క్షణం ఊరుకుని, "యాభై అయితే పంపించండి సార్" అంటావు. నలభై ఐదుకి తెగుతుంది. అప్పటిదాకా ఆయన దగ్గర నువ్వు బేరం ఆడింది ఒక్క ఆదివారానికే.

ఈ ఒడిదుడుకుల్లో నువ్వు పట్టుబట్టి నిలబెట్టుకుంది ఒక్కటే. నాలుగింటికి పాప వస్తుంది. నాలుగు నుంచి ఆరు దాకా మిషను మీద గుడ్డ కప్పేస్తావు. శ్రావణంలోనూ అంతే. అటుకులో ఉప్మానో ఏదో ఒకటి పెట్టి, లెక్కలు, తెలుగు కాపీ, ఎవరు ఎవరితో పచ్చి అయ్యారో ఆ కథలు. పాప కథలు చెబుతున్నంత సేపూ బల్ల కింద కూర్చుని రంగు గుడ్డముక్కలు ఏరుకుంటుంది. ఎప్పుడూ హాయిగా ఉంటుందని కాదు. ఒకోసారి ఏడో ఎక్కం దగ్గర ఇద్దరూ అరుచుకుంటారు. కిందటేడు అరుచుకోవడానికి కూడా నువ్వు ఇంట్లో లేవు.

గ్రిల్లుకి కాగితం అంటించింది పాపే. పెద్ద అక్షరాలు, ఎర్ర స్కెచ్ పెన్ను: "4 నుండి 6 వరకు జాకేట్లు తిసుకోము". దీర్ఘాలు ఎక్కడ పడాలో అక్కడ పడలేదు, నువ్వు దిద్దలేదు.

నాలుగున్నరకి గ్రిల్లు చప్పుడు. వెనక వీధి పిన్నిగారు, చేతిలో కవరు.

"ఒక్క నిమిషం తియ్యమ్మా. ఆది ఇచ్చేసి వెళ్లిపోతా."

"ఆరు తర్వాత రండి పిన్నిగారూ."

"చూస్తూ చూస్తూ గుమ్మంలోంచి పంపించేస్తావా? ఇంట్లోనేగా ఉన్నావు."

"ఇంట్లోనే ఉన్నానండీ. ఆరింటికి తెరుస్తాను."

ఆవిడ కాగితం మళ్లీ ఓసారి చదువుతుంది. లోపల పాప ఏడో ఎక్కం గొంతు పెంచి చదువుతోంది, వినపడాలనే.

"ఇంతకంటే షాపే నయం. ఎప్పుడెళ్లినా నవ్వుతూ చూపిస్తారు."

"అలా చూపించేదాన్ని నేనే కదండీ" అంటావు.

ఆవిడకి నవ్వొచ్చేస్తుంది. కానీ బయటికి పడనివ్వదు. కవరు గ్రిల్లు ఊచకి తగిలించి, చెప్పులు వేసుకుంటూ అంటుంది: "సరేలే. మెడ వెనక మరీ లోతు పెట్టకు. శుక్రవారానికి కావాలి."

"శనివారం ఇస్తానండీ."

"శుక్రవారం!"

"శనివారం, పిన్నిగారూ. పొద్దున్నే."