పందిరి మంచం కథ



ఇవాళ మీతో మంచం గురించి మాట్లాడదామనుకుంటున్నాను. "మంచం గురించి చెప్పుకోవడానికి ఏముందమ్మా" అని నవ్వకండి. నేను చెప్పబోయేది నాలుగు మూలలా నాలుగు కంబాలూ, పైన చట్రం, చుట్టూ తెరలూ ఉండే పందిరి మంచం. ఈమధ్య ఫర్నిచరు దుకాణాల్లో ఇది మళ్లీ కనిపిస్తోంది. పెళ్లికెదిగిన ఆడపిల్లల తల్లులు ధర అడిగి, నిట్టూర్చి, ఇంటికి వస్తున్నారు. నాకు మాత్రం దీని సంగతి దుకాణంలో కాదు, పుట్టింట్లో వచ్చింది.

పోయిన సంక్రాంతికి మా ఊరు వెళ్లాను. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కతే ఆ ఇంట్లో ఉంటోంది. ఇల్లు అమ్మేద్దామని అన్నయ్య నిశ్చయించాడు. అన్నయ్యని తప్పుపట్టడానికి లేదు. పెంకులు జారిపోతున్నాయి, గోడలు చెమ్మగిల్లుతున్నాయి. సామాను ఎవరికేం కావాలో అనుకుంటుంటే అమ్మమ్మ నాటి పందిరి మంచం దగ్గర అందరం ఆగిపోయాం. "దీన్ని ఏ ఫ్లాట్‌లో పెట్టుకుంటాం? పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అన్నాడు అన్నయ్య. అమ్మ వాదించలేదు. "మరి నేనెక్కడ పడుకోనురా?" అని మాత్రం అడిగింది. ఎవ్వరం జవాబు చెప్పలేకపోయాం. ఆ రాత్రి ఆ మంచం మీదే అమ్మ పక్కన పడుకున్నాను గానీ, నిద్ర పట్టలేదు. అసలీ మంచానికి పందిరెందుకు, ఎప్పటి నుంచి అనే ఆలోచన అప్పుడే మొదలైంది. ఇంటికి వచ్చాక చదివి తెలుసుకున్నవే మీకిప్పుడు చెప్తున్నాను.

మనకి తెలిసిన పందిరి మంచాల్లో బహు పాతది ఈజిప్టులో దొరికింది. పెద్ద పిరమిడ్ కట్టించిన ఖుఫు చక్రవర్తి తల్లి పేరు హెటెఫెరెస్. ఆవిడ సమాధి గది 1925లో గీజాలో బయటపడింది. అందులో రాతి పెట్టె ఖాళీగా ఉంది గానీ, ఆవిడ సామానంతా ఉంది: మంచం, కుర్చీలు, మేనా, వెండి కడియాలు. వాటితోపాటే బంగారు రేకు తొడిగిన పందిరీ, దాని తెరలు దాచుకునే పెట్టే దొరికాయి. కర్ర పుచ్చి పొడైపోయినా, బంగారు రేకుల్ని బట్టి పండితులు మళ్లీ రూపం కట్టారు. ఇది సుమారు 4,500 ఏళ్ల కిందటి మాట. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ పందిరిని ముక్కలుగా ఊడదీసి, వెళ్లినచోట మళ్లీ బిగించుకోవచ్చు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మనకి పనికొస్తుంది.

మరి మంచానికి పందిరి దేనికి? మొదటి జవాబు మనందరికీ తెలిసిందే: దోమ! ఇంగ్లీషువాళ్లు ఈ పందిరిని 'కానొపీ' అంటారు. ఆ మాట గ్రీకు నుంచి వచ్చింది. గ్రీకులో 'కోనోప్స్' అంటే దోమ, 'కోనోపెయోన్' అంటే దోమతెర కట్టిన మంచం. రాజుల సింహాసనాల మీద వేలాడే పందిళ్లకి కూడా దోమ పేరే దక్కిందన్నమాట. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో ఈజిప్టు చూసివచ్చిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ అక్కడి బురదనేలల్లో ఉండే జాలర్ల గురించి రాశాడు. వాళ్లు పగలు చేపలు పట్టిన వలనే రాత్రి మంచం చుట్టూ కట్టుకుని పడుకునేవారట. రాణీగారికి బంగారు పందిరి, జాలరి భార్యకి చేపల వల. ఇద్దరి శత్రువూ ఒకటే.

చలిదేశాలకి వెళ్లేసరికి పందిరి పని మారింది. పూర్వం యూరప్‌లో పెద్దపెద్ద ఇళ్లు రాతివి. కిటికీలకి అద్దాలుండేవి కావు, చలిగాలి ఇంట్లో తిరుగుతుండేది. పైగా యజమాని పడుకున్న గదిలోనే నౌకర్లూ పడుకునేవారు. కాబట్టి దళసరి ఉన్ని తెరలు నాలుగు వైపులా దించుకుంటే వెచ్చదనం వెచ్చదనం, చాటుకి చాటు. గదిలోపల ఇంకో చిన్న గది అన్నమాట. మొదట్లో తెరలు ఇంటి దూలాలకి తాళ్లతో వేలాడేవి. 16వ శతాబ్దం వచ్చేసరికి చెక్కడపు పని చేసిన నాలుగు కంబాలతో పందిరి మంచానిదే అయిపోయింది.

ఆ రోజుల్లో మంచం కొయ్య కంటే తెరల ఖరీదే ఎక్కువ. అందుకే వీలునామాల్లో మంచం పేరెత్తి మరీ రాసేవారు. మహాకవి షేక్స్పియర్ 1616లో రాయించిన వీలునామాలో ఆస్తిలో ఎక్కువ భాగం పెద్ద కూతురికి పోయింది. భార్య యాన్‌కి అని విడిగా రాసింది ఒకటే వస్తువు, తన మంచాల్లో 'రెండో మంచి మంచం', దాని సరంజామాతో సహా. భార్యని అవమానించాడని కొందరంటారు. కాదు, మొదటి రకం మంచం అతిథులకి వేసేది, రెండోది ఆలుమగలు కాపురం చేసింది, అందుకే ఆమెకిచ్చాడని మరికొందరంటారు. పండితుల వాదన ఎలా ఉన్నా, ఇది చదవగానే నాకు అమ్మ మాట గుర్తొచ్చింది. జీవితమంతా ఇల్లు నడిపిన ఆడదానికి చివరికి 'నాది' అనుకోవడానికి మిగిలేది ఒక మంచమేనా?

ఇంగ్లండులో ఇంకో తమాషా మంచం ఉంది. వేర్ అనే ఊళ్లో సత్రంవాళ్లు 1590 ప్రాంతంలో పదడుగులకి పైగా వెడల్పున్న పందిరి మంచం పెట్టించారు. ప్రయాణీకుల్ని ఆకర్షించడానికి అదొక ప్రకటన! అందులో పడుకున్నవాళ్లు కంబాల మీద పేర్లు చెక్కి పోయారు, మనవాళ్లు గుళ్లూ కోటలూ చూసి చేసే పనే. 1931 నుంచీ అది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

ఫ్రాన్సులో మంచం సింహాసనమే అయిపోయింది. 14వ లూయీ రాజు నిద్ర లేవడం, పడుకోవడం కూడా దర్బారు వేడుకలే. 1701లో తన పడకగదిని వెర్సాయ్ భవనానికి నట్టనడుమకి మార్పించాడు. రాణుల పరిస్థితి మరీ ఘోరం. 1778లో మేరీ ఆంటోనెట్ తొలికాన్పుకి జనం గదిలోకి చొరబడి చూశారట. ఊపిరాడక ఆమె స్పృహ తప్పిందని ఆమె దగ్గరున్న పరిచారిక రాసిపెట్టింది. అన్ని పట్టుతెరలుండీ ఆ తల్లికి చాటు లేకపోయింది చూడండి.

అలంకరణలో రకరకాల తీరులు పుట్టింది కూడా అక్కడే. 'డచెస్' తీరులో కాళ్లవైపు కంబాలుండవు. పందిరి గోడకో కప్పుకో తగిలించి మంచమంతా పరుచుకుంటుంది. 'ఏంజెల్' తీరులో పందిరి సగం వరకే వచ్చి, తెరలు తలవైపు ఇరుపక్కలా దేవకన్య రెక్కల్లా ఒదుగుతాయి. 'పోలిష్' తీరులో మంచం పొడుగువైపు గోడకి చేర్చి వేస్తారు. నాలుగు ఇనప కమ్మీలు వంపు తిరిగి పైన చిన్న గుమ్మటంలో కలుస్తాయి, తెరలు అందులోంచి జారతాయి. ఈ మూడూ నేటి చిన్న గదులకి కూడా పనికొచ్చే ఉపాయాలే.

చైనావారిది వేరే పద్ధతి. మింగ్ రాజుల కాలం, అంటే 1368 నుంచి 1644 దాకా, అక్కడ ఆరు కంబాల మంచాలు, ముందు చిన్న వసారా ఉన్న పెద్ద మంచాలు చేసేవారు. కలవారి ఇళ్లలో ఇవి పెళ్లికూతురితో సారెగా వచ్చేవి. ఇంటి ఇల్లాలు పగలు కూడా దానిమీదే కూర్చుని కుట్లూ అల్లికలూ చేసుకునేది, చుట్టాలతో మాట్లాడేది. వేసవికి పల్చటి తెరలు, శీతాకాలానికి దళసరి పట్టు తెరలు.

ఇప్పుడు మన తెలుగునేలకి వద్దాం. ఆ యూరప్ మంచాల మీద వేలాడిన తెరలు ఎక్కడివనుకున్నారు? వాటిలో కొన్ని మన కోరమండల్ తీరానివి! మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్లు 1611లో వర్తక స్థావరం పెట్టుకున్నారు. మన కలంకారీ గుడ్డలు చూసి వాళ్ల కళ్లు చెదిరాయి. నూలుగుడ్డ మీద ఉతికితే వెలిసిపోని రంగులు అద్దడం వాళ్లకప్పటికి తెలియదు. మనవాళ్లు నూలుగుడ్డని కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి, బెల్లం, ఇనప ముక్కలు ఊరబెట్టిన నీళ్లతో నల్లగీత గీసి, పటిక పూసి, చిరివేరుతో ఉడకబెట్టి ఎరుపు తెప్పించి, మైనం అడ్డుపెట్టి నీలిమందు ఎక్కించేవారు. ఒక్కో రంగుకీ ఒక్కో ఉతుకు, ఒక్కో ఎండ. మంచం మీద పరిచే పెద్ద గుడ్డకి 'పలంపోర్' అని వాళ్లు పేరు పెట్టుకున్నారు. అది 'పలంగ్‌పోష్', అంటే మంచం కప్పు, అనే మాటే. నడుమ కొండమీద నుంచి లేచిన పూలచెట్టు, కొమ్మల మీద పక్షులు, చుట్టూ అంచు. అదే వాళ్ల మనసు దోచిన నమూనా.

అది ఎంత పాకిపోయిందంటే, అక్కడి నేతగాళ్లు తమ పొట్ట కొడుతున్నారని గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లోనే అద్దకం గుడ్డల్ని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం ఉంది. ఇంగ్లండులో 1721లో వచ్చిన చట్టం ఈ గుడ్డలు కట్టుకోకూడదు, ఇంటి సామానుకీ వాడకూడదు అంది. అయినా ఆడవాళ్లు మానలేదు.

దీనికో ఉదాహరణ చెప్తాను. డేవిడ్ గారిక్ అని లండన్‌లో గొప్ప నటుడుండేవాడు. కలకత్తాలోని ఇంగ్లీషు వర్తకులు తమ నాటకశాలకి ఆయన చేసిన సాయానికి కృతజ్ఞతగా ఆయన భార్య ఈవాకి మంచం తెరలు బహుమతిగా పంపారు. అవి మన మచిలీపట్నం అద్దకమని చెప్తారు. థేమ్స్ ఒడ్డున ఉన్న తమ ఇంట్లో ఆవిడ ముచ్చటపడి ఆ తెరలకి తగ్గట్టు గది అంతా సిద్ధం చేసుకుంది. మంచం చేసింది ఆ కాలంలో పేరుమోసిన వడ్రంగి చిపెండేల్ కార్ఖానా. తీరా 1775లో కస్టమ్స్ ఉద్యోగులు వచ్చి నిషిద్ధ సరుకని తెరలు పట్టుకుపోయారు! భార్య దుఃఖం చూడలేక గారిక్ ఖజానా అధికారికి ఉత్తరం రాసి బతిమాలుకున్నాడు. ఆ మంచం, ఆ తెరలూ ఇప్పుడు నేను ముందు చెప్పిన లండన్ మ్యూజియంలోనే ఉన్నాయి. ఈవాగారి పేరు అక్కడ ఉంది. కరక్కాయ పాలలో చేతులు నానబెట్టిన మనవాళ్ల పేరు మాత్రం ఎక్కడా లేదు.

తరవాత కాలం మారింది. కిటికీలకి అద్దాలొచ్చాయి, గదులు వెచ్చబడ్డాయి. తెరల్లో దుమ్మూ, నల్లులూ చేరతాయని 19వ శతాబ్దంలో ఆరోగ్యం తెలిసినవాళ్లు వాటిని తీసెయ్యమన్నారు. ఇనప మంచాలూ, ఇత్తడి మంచాలూ వచ్చాయి. కానీ మన దేశంలో పందిరికి పని తీరిపోలేదు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. దోమతెర ఉత్త సుఖం కోసం కాదు, ప్రాణం కాపాడేదని తెలియడానికి అది దారి చూపింది. గ్రీకువాడు పెట్టిన పేరు సార్థకమైంది.

ఇక మన గదుల్లో ఎలా అమర్చుకోవాలి? మంచం కొనలేకపోయినా పరవాలేదు. కప్పుకి ఒక కొక్కెం, ఒక వెదురు చట్రం ఉంటే 'ఏంజెల్' తీరు తెర కట్టుకోవచ్చు. పెడనలో అచ్చువేసే కలంకారీ గుడ్డ తలవైపు గోడకి కట్టి, మిగతా మూడు వైపులా తెల్లటి దోమతెర వేస్తే చూడముచ్చటగా ఉంటుంది, గాలీ ఆడుతుంది. మన ఎండలకి వెల్వెట్టు, నైలాన్ వద్దు. పల్చటి నూలే మంచిది. తెర అంచు పరుపు కింద దోపేటంత పొడుగుండాలి. నెలకోసారి విప్పి ఉతుక్కునేలా నాడాలు కుట్టుకోండి. కంబాలున్న మంచం కొనేటట్టయితే ముందు మీ సీలింగు ఫ్యాను ఎత్తు కొలుచుకోండి. ఈ ముక్క అనుభవం మీద చెప్తున్నాను.

ఎందుకంటే, అమ్మమ్మ మంచాన్ని పాత సామాన్లవాడికి ఇవ్వలేదు. వడ్రంగిని పిలిపిస్తే చెక్క సీలలు తట్టి గంటలో విప్పేశాడు. ప్రతి అతుకు దగ్గరా గాటు గుర్తులున్నాయి, ఏ కంబం ఏ మూలదో తెలిసేలా. హెటెఫెరెస్ రాణి పందిరిలాగే అదీ ప్రయాణానికి సిద్ధంగానే ఉంది, మాకే తెలియలేదు. లిఫ్టులో పట్టకపోతే మా అబ్బాయీ, వాచ్‌మనూ మెట్లమీంచి మూడో అంతస్తుకి మోశారు. పిల్లల చదువుగదిలో బిగించాం. పిల్లల బల్లలు హాల్లోకి వచ్చాయి. నాలుగు రోజులు ఇంట్లో మొహాలు ముడుచుకున్నాయి, తరవాత సర్దుకున్నాయి. ఫ్యాను అడ్డమై పైచట్రం మాత్రం బిగించలేకపోయాం. అదిప్పుడు అటకమీద ఉంది.

మంచంతోపాటు అమ్మా వచ్చింది. మొదటి రాత్రి కంబాలకి తాళ్లు కట్టి తనే దోమతెర వేసుకుంది. నేను మంచినీళ్లు పెట్టి వస్తుంటే, "పందిరి లేకపోయినా ఫరవాలేదులే, దీపం ఆర్పు" అంది.

మీ ఇళ్లలోనూ ఇలాంటి మంచం ఉంటే, అమ్మేముందు ఒక్కసారి దానిమీద పడుకునే మనిషిని అడగండి. శలవు.