కట్టడం తెలిసినవాడు స్థలం కొంటే

మన సంఘం ప్రత్యేక సంచికకు నాలుగు ముక్కలు రాయమని కార్యదర్శిగారు కోరారు. 2025 చివరలో మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పాటుకు ప్రభుత్వం నిర్ణయించినప్పటి నుంచి మిత్రులు ఒకటే ప్రశ్న వేస్తున్నారు: "మీరు ముప్పై ఏళ్లకు పైగా కట్టల పనులు, కాలువల పనులు చేయించినవారు కదా, స్థలం ఎక్కడ కొనమంటారు?" నాకు తెలిసింది చెబుతాను. తెలియక పోగొట్టుకున్నదీ చెబుతాను.

పనివాడి కన్ను అంటే ఏమిటో మన కంభం చెరువు వద్ద నేర్చుకోవాలి. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ దానిని కట్టించారని ప్రతీతి. గుండ్లకమ్మ రెండు కొండల నడుమ ఇరుకుగా పారే చోటు చూసి కట్ట వేశారు. కట్ట ఎత్తు 57 అడుగులే, దానికి చేరే నీరు మాత్రం 430 చదరపు మైళ్ల నేల మీదిది. చోటు ఎంచడంలోనే సగం పని అయిపోయింది. ఇళ్ల స్థలానికీ ఇదే సూత్రం. వాన కురిసిన మర్నాడు వెళ్లి చూస్తే కుంటను పూడ్చి వేసిన ప్లాట్లు వాటంతట అవే బయటపడతాయి. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది, పునాది ఖర్చు పెరుగుతుంది. గరుసు నేల అయితే నిశ్చింత. బోరు నీటిలో ఫ్లోరైడు ఎంతో పరీక్ష చేయించనిదే మన ప్రాంతంలో అడుగు ముందుకు వేయరాదు.

పనులు చేసినవాడికి తెలిసే రెండో సంగతి కాలం. 1970 ఫిబ్రవరి 2న మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు నుంచి విడివడి కొత్త ఒంగోలు జిల్లాలో చేరాయి. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా మారితే ఊళ్ల రాత మారుతుందనుకున్నాం. ఒంగోలు మాత్రం మనకు దూరంగానే ఉండిపోయింది. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. దోర్నాల వైపు సొరంగాలు రెండూ ప్రారంభోత్సవానికి వచ్చేసరికి 2024 మార్చి. అంటే 28 ఏళ్లు. అప్పటికీ పొలాలకు కాలువ నీరు రాలేదు. శిలాఫలకం చూసి ధర కట్టేవాడు ఈ 28 ఏళ్లను లెక్కలోకి తీసుకోడు. కొండ తొలవడం, భూసేకరణ, బిల్లుల ఆలస్యం ఎరిగినవాడు తీసుకుంటాడు.

ఇంత తెలిసిన నేనే మోసపోయాను. 2006లో పదవీ విరమణ చేశాక గ్రాట్యుటీలో సగం పెట్టి ఊరి పక్కన స్థలం కొన్నాను. మెరక భూమి, గరుసు నేల, దగ్గరలోనే రోడ్డు. గుంత తవ్వించి మరీ చూశాను. కాగితాలు మాత్రం తవ్వి చూడలేదు. స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకుని డబ్బు ఇచ్చేశాను. రిజిస్ట్రేషన్‌కు వెళితే అది ప్రభుత్వం పేదలకిచ్చిన డి. పట్టా భూమి అని తేలింది. అటువంటి భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత సవరణలు వచ్చినా నా డబ్బు తిరిగి రాలేదు. అప్పుడు మా ఆవిడ అన్న మాట ఒక్కటే: "మట్టిని నమ్మారు, మనిషినీ నమ్మారు, రికార్డును అడగలేదు."

కాబట్టి మిత్రులారా, నేలను మేస్త్రీకి చూపించండి, కాగితాలను వకీలుకు చూపించండి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, అడంగల్ చూడనిదే బయానా ఇవ్వకండి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన లేఅవుట్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడకండి. కొత్త జిల్లా వస్తే ఆఫీసులు కట్టాలి, రోడ్లు వేయాలి, నీళ్లు తేవాలి. అవి ఏళ్ల మీద జరిగే పనులు. పింఛను మీద బతికే మనకు అన్నేళ్లు ఆగే డబ్బు ఉంటేనే కొనాలి.

ఇది చదివి ఒక్క కుటుంబం గ్రాట్యుటీ నిలబడినా నా నష్టం కొంత తీరినట్లే భావిస్తాను.