తేనెటీగల ఫలహారం వేళ

స్విట్జర్లాండులో ఆగస్ట్ ఫోరెల్ గారని ఒక డాక్టరు వుండేవారు. జ్యూరిచ్‌లో మానసిక వైద్యశాలకి పెద్దగా చేసి, ఆ పని వదులుకున్నాక తన ప్రాణమైన చీమల్ని చూసుకుంటూ, వాటి మీద పుస్తకాలు రాసుకుంటూ కూచున్నారు. వేసవిలో ఆ ఇంట్లో అందరూ ఆరుబయట బల్ల వేసుకుని పొద్దుటి ఫలహారం చేసేవారట. రొట్టె, దాని మీదికి పళ్ళ జామ్. జామ్ వున్నచోటికి తేనెటీగలు రావడం వింతేమీ కాదు. కానీ కొన్నాళ్ళకి అవి సరిగ్గా ఫలహారం వేళకే రావడం మొదలెట్టాయి. వాతావరణం బాగాలేక ఇంట్లో కూచుని తిన్న రోజున కూడా, బయట జామ్ చుక్కయినా లేకపోయినా, ఆ వేళకే వచ్చి ఖాళీ బల్ల చుట్టూ తిరిగాయి. వాసన లేదు, రంగు లేదు. మరి వాటిని పిలిచిందెవరు? వీటికి వేళ గుర్తుంటుందని 1910లో ఫోరెల్ గారు రాశారు.

ఇంత పెద్ద శాస్త్రం ఓ ఇంటి ఫలహారాల బల్ల దగ్గర అంకురించిందంటే నాకెందుకో మహా ముచ్చటగా వుంటుంది. ఆ జామ్ కాచిన చేతికి కూడా అందులో కాస్త భాగం వుందనే నా వాదన!

తర్వాత ఈ సంగతి పట్టుకున్నది ఒక అమ్మాయి. పేరు ఇంగెబోర్గ్ బేలింగ్. జర్మనీలో మ్యూనిక్‌లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ గారి దగ్గర చదువుకుంటూ, ఒక్కొక్క ఈగ వీపు మీదా రంగుచుక్క పెట్టి గుర్తుపట్టేది. రోజూ ఒకే వేళకి గిన్నెలో చక్కెర పాకం పెట్టేది. అలా కొన్నాళ్ళు అలవాటు చేసి, ఓ రోజున పాకం లేని గిన్నె పెట్టి కాపలా కూచుంది. మిగతా వేళల్లో ఆ చుట్టుపక్కలకి వచ్చినవి బహు తక్కువ. అలవాటైన వేళ దగ్గరపడేసరికి చుక్కల ఈగలు బిలబిలమంటూ దిగాయి. ఎండ చూసి వేళ కనిపెడుతున్నాయేమోనని, ఎప్పుడూ ఒకే వెలుతురు వుండే గదిలో పెట్టి చూసింది. అక్కడా అంతే. ఇంకో తమాషా చూడండి: 24 గంటలకోసారి పెడితే ఇట్టే నేర్చుకున్న ఈగలు, 19 గంటలకోసారి పెడితే ఎన్నాళ్ళకీ నేర్చుకోలేకపోయాయి. 1929లో ఆమె ఇదంతా అచ్చువేయించింది.

అయినా అనుమానం తీరనివాళ్ళు తీరలేదు. భూమి తిరగడాన్నే ఈగలు ఎలాగో పసిగడుతున్నాయేమో అన్నారు. దాన్ని తేల్చడానికి 1955లో మాక్స్ రెన్నర్ అనే ఆయన పారిస్‌లో వేళకి మప్పిన 40 ఈగల్ని విమానంలో న్యూయార్క్ తీసుకుపోయాడు. అక్కడ గడియారం అయిదు గంటలు వెనక. ఈగలు న్యూయార్క్ గడియారాన్ని ఖాతరు చెయ్యలేదు. కిందటిసారి తిన్న 24 గంటలకి, అంటే పారిస్ వేళకే, గిన్నె దగ్గర హాజరు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లులు అర్ధరాత్రి లేచి ఆకలంటూ ఫ్రిజ్ తలుపు తీస్తారే, అదే బాపతన్నమాట.

ఈగల గోల సరే, మన సంగతేమిటి? 1972లో అమెరికాలో రెండుచోట్ల శాస్త్రజ్ఞులు ఎలుకల మెదడు అడుగున చిన్న కణాల గుంపు ఒకటి కనిపెట్టారు. కళ్ళనించి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన వుంటుందది. మనక్కూడా వుంది. వెలుతురు చూసి రోజుని దిద్దుకునే గడియారం అదే. దాన్ని తీసేస్తే ఎలుకకి పగలూ రాత్రీ తేడా పోయింది. ఇంతటితో కథ కంచికి చేరిందనుకున్నారు. కానీ 1979లో ఫ్లోరిడాలో ఫ్రీడ్రిక్ స్టెఫాన్ అనే ఆయన, ఆ గుంపు తీసేసిన ఎలుకలకి కూడా రోజూ ఒకే వేళకి తిండి పెడితే, ఆ వేళకి కాస్త ముందే లేచి ఎదురుచూడ్డం మొదలెడతాయని చూపించాడు. అంటే తిండికి వేరే గడియారం వుందన్నమాట!

2000లో జెనీవాలో వూలీ షిబ్లర్ గారి ప్రయోగశాల వాళ్ళు మరో అడుగు వేశారు. రాత్రి తినే చిట్టెలుకలకి పగలు మాత్రమే తిండి పెట్టారు. మెదడులో గడియారం కదల్లేదు. కాలేయంలో గడియారం మాత్రం కొద్దిరోజుల్లోనే పగటికి తిరిగిపోయింది. కాలేయం సూర్యుణ్ణి చూడదు సుమా, కంచాన్ని చూస్తుంది! ఒకే ఇంట్లో హాలు గడియారం ఒక టైమూ, వంటింటి గడియారం ఇంకో టైమూ చూపిస్తే ఎలా వుంటుందో, వేళకాని వేళ తినేవాళ్ళ ఒంట్లో అలా వుంటుంది.

దానివల్ల వచ్చే నష్టమేమిటంటే, చీకటిపడి నిద్రవేళ దగ్గరయ్యేకొద్దీ ఇన్సులిన్ పని మందగిస్తుంది. పొద్దున తిన్న అన్నమే, అదే కొలత, రాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువగా పెరిగి, ఎక్కువసేపు నిలుస్తుంది. మన ఒడిశాలో పుట్టి కాలిఫోర్నియాలో పనిచేస్తున్న సచ్చిదానంద పండా గారి బృందం 2012లో రెండు జట్ల చిట్టెలుకలకి ఒకే కొవ్వు తిండి, ఒకే మోతాదు పెట్టింది. ఒక జట్టు ఎప్పుడు పడితే అప్పుడు తింది. రెండోది రాత్రి 8 గంటల్లోనే. ఎలుకకి రాత్రే కదా పగలు! మొదటివి బలిసిపోయాయి, కాలేయానికి కొవ్వు పట్టింది. రెండోవి చాలావరకు బాగున్నాయి.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం ఇంత చక్కగా తేలదు. 2013లో ఇజ్రాయెల్‌లో బరువెక్కువున్న 93 మంది స్త్రీలకి రోజుకి 1400 కేలరీలే పెట్టారు. సగం పొద్దున్నే తిన్నవాళ్ళు 12 వారాల్లో సగటున 8.7 కిలోలు తగ్గితే, సగం రాత్రి తిన్నవాళ్ళు 3.6 కిలోలే తగ్గారు. 2022లో స్కాట్లాండులో ఇలాగే చేస్తే రెండు పద్ధతుల్లోనూ బరువు ఒక్కలాగే తగ్గింది, పొద్దున ఎక్కువ తిన్నప్పుడు ఆకలి బాధ మాత్రం తక్కువ. అదే ఏడాది చైనాలో 139 మందితో ఏడాదిపాటు చూస్తే, కేలరీలు తగ్గించినవాళ్ళకి వేళ నియమం అదనంగా కలిపినా బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కనక వేళ పాటిస్తే ఎంత తిన్నా ఫరవాలేదనే ప్రచారాన్ని నేను నమ్మను. అలాగని వేళతో పనేలేదనీ అనలేను.

ఇజ్రాయెల్ లెక్క చదివినప్పుడు నాకొచ్చిన మొదటి సందేహం, పొద్దున్నే 700 కేలరీల ఫలహారం చేసేదెవరని. మనిళ్ళలో మామగారికి ఏడింటికి, ట్యూషన్ నించి వచ్చిన పిల్లాడికి ఎనిమిదిన్నరకి, ఆఫీసాయనకి పదింటికి వడ్డించి, మిగిలింది గిన్నెలోనే కలుపుకుని తినే మనిషి ఏ గడియారం మీద బతుకుతున్నట్టు? డాక్టరు దగ్గరికి వెళితే ఏం తింటున్నారని అడుగుతారు గాని, ఎన్నింటికని అడగడం అరుదు.

మా పక్కవాటాలో ఆవిడకి షుగరు అంచుల్లో వుందన్నారు. ఈ వేసవినించి ఏడున్నరకల్లా తన కంచం తను పెట్టుకుని తినేస్తోంది. "మొగుడింకా రాకుండానే?" అని అత్తగారు వారంరోజులు మూతి ముడిచారట. ఇప్పుడాయనకి గిన్నెలు మూతపెట్టి వుంటున్నాయి, వచ్చి వడ్డించుకుంటున్నారు. షుగరు తగ్గిందా అని మొన్న అడిగాను. మూడునెలల పరీక్ష చేయించుకోవడానికి ఇంకా రెండు వారాలుందంది.