బాలింత పథ్యము: నాడు, నేడు

పల్నాటి సీమలో నాగులేటి తీరమున నున్న దాచేపల్లి ప్రాంతము 2022వ సంవత్సరము వరకు గుంటూరు జిల్లాలోనిది. ఇప్పుడు పల్నాడు జిల్లాలోనిది. పత్తియు మిరపయు ఇచ్చటి ముఖ్యమైన పైరులు. పత్తి తీయుటకును, మిరపకాయలు కోయుటకును పొలమునకు పోవువారిలో అధికులు స్త్రీలు. వారిలో చంటిబిడ్డల తల్లులును ఉందురు. పాలిచ్చు తల్లి ఏమి తినవలెను, ఎంత పని చేయవలెను అను ప్రశ్న వారికి వంటింటి ముచ్చట కాదు, బ్రతుకు సమస్య. దీనికి మన పూర్వులు ఏమి సమాధానము చెప్పిరో, శాస్త్రజ్ఞులు ఏమి చెప్పిరో విచారింతము.

సుశ్రుత సంహితలోని శారీరస్థానమున బాలింత ఉపచారము వర్ణింపబడినది. ప్రసవించిన స్త్రీని నెల పదునైదు దినములు నియమముతో కాపాడవలెనని అందు ఒక మతము. తిరిగి బహిష్టు కనబడువరకు ఆమె బాలింతయే యని మరియొక మతము. కోపము, దుఃఖము, వాత్సల్యలోపము పాలు తగ్గుటకు కారణములట. కావున ముందు తల్లి మనస్సునకు సంతోషము కలిగించి, పిమ్మట గోధుమలు, వరియన్నము, మాంసరసము, చేపలు, వెల్లుల్లి, నువ్వుల తెలగపిండి మున్నగునవి పెట్టవలెనని ఆ గ్రంథము చెప్పుచున్నది. తెలగపిండిలో మునగాకు వేసి కూర వండి, వెల్లుల్లి కారముతో బాలింతకు పెట్టు మన ముత్తవ్వలు సుశ్రుతుని చదివినవారు కారు. అయినను తెలగపిండియు వెల్లుల్లియు వారి వంటలో నిలిచినవి. మాంసకృత్తులును సున్నపు ధాతువును గల నువ్వుల పిండి, ఆకుకూరలలో శ్రేష్ఠమైన మునగాకు ఒక్క గిన్నెలో కలియుట మన యాచారములోని మేలిభాగము.

ఆచారములో మరియొక భాగమును కలదు. అనేక గృహములలో బాలింతకు మంచినీరు కొలిచి యిచ్చెడివారు. పెరుగు, పప్పు, కాయగూరలు కొన్ని వారములపాటు నిషేధము. నేయి, కారప్పొడి కలిపిన అన్నమే ఆహారము. ఈ నిషేధములకు శాస్త్రాధారము లేదు. పాలలో అధికభాగము నీరే గనుక దప్పిక తీర త్రాగుట తల్లికి అవసరము.

వట్టి తెల్లయన్నము ఎంత ముప్పు తేగలదో మన తీరప్రాంత చరిత్రయే తెలుపుచున్నది. శ్రీనాథుని పేర ప్రచారములో నున్న చాటువులు పల్నాటి జొన్నకూటిని పరిహసించినవి. అయితే మరలో తెల్లగా ఆడించిన పచ్చిబియ్యమును తిను ఉత్తర సర్కారు జిల్లాలలోనే బెరిబెరి వ్యాధి పాతుకొనియుండెను. ఆ వ్యాధిని పరిశోధించుటకు 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఆధ్వర్యమున ఒక విచారణశాఖ వెలసెను. 1941లో ఎయిక్రాయిడ్, కృష్ణన్ అను శాస్త్రజ్ఞులు ఆ బెరిబెరి ప్రాంతపు శిశుమరణములను గూర్చి తమ పరిశీలనను ప్రకటించిరి. బియ్యపు తవుడుతో బాటు బి1 విటమిను పోవును. తల్లి తిండిలో అది కొరవడినచో పాలలోను కొరవడును. పైకి ఆరోగ్యముగా కనబడు తల్లి పాలు త్రాగుచునే పసిబిడ్డ హఠాత్తుగా మరణించుట సంభవించెడిది. పై పొర తీయని జొన్నలో ఆ విటమిను నిలిచియుండును. పరిహాసమునకు గురియైన ధాన్యము ఆ విషయములో మేలైనదే.

కూనూరు పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందెను. 1950ల చివర డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ భవాని బెళవాడి పేద తల్లుల పాలను పరీక్షించిరి. అర్ధాకలితో నున్న తల్లి పాలలోను మాంసకృత్తులు, చక్కెర చాలవరకు సరిగానే యుండెను. కొన్ని విటమినులు మాత్రము తక్కువ. బిడ్డకు పాలు అందుచున్నవి గదా యని ఇంటివారు నిశ్చింతగా ఉండవచ్చును. కాని తిండి చాలనప్పుడు ఆ పాలకు కావలసిన సరకు తల్లి దేహమునుండియే ఖర్చగును. బిడ్డ బలిసి తల్లి చిక్కిపోవుట లోకసహజమని సరిపెట్టుకొన్న దానికి అసలు కారణము ఇదియే.

ఆ ఖర్చునకు లెక్క కలదు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము, పాలిచ్చు తల్లికి మొదటి ఆరు నెలలు దినమునకు 600 కెలోరీలు, సుమారు 17 గ్రాముల మాంసకృత్తులు అదనముగా కావలెను. తరువాతి ఆరు నెలలు 520 కెలోరీలు, సుమారు 13 గ్రాములు. పొలము పని చేయు తల్లికి ఆ శ్రమకు తగిన తిండి వేరుగా కావలెను. 1967లో నాగార్జునసాగరపు నీరు కాలువలకు వచ్చిన పిమ్మట పల్నాట వరియన్నము పెరిగెను; కంచములో పప్పు, ఆకుకూర, గ్రుడ్డు అంతగా పెరిగినవని చెప్పలేము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 58.8 శాతము రక్తహీనులని తేలెను.

ఇక వ్యాయామము. 1994లో అమెరికాలో కాథరిన్ డ్యూయీ బృందము 33 మంది తల్లులను పరీక్షించెను. వారిలో కొందరు పన్నెండు వారములు క్రమముగా వ్యాయామము చేయగా పాలు తగ్గలేదు, పాల గుణము చెడలేదు. కావున ఇంటిపట్టున నుండు తల్లి, ఒంటికి బలము వచ్చిన పిమ్మట, నడకకు జంకనక్కరలేదు. కాని ఎండలో నడుము వంచి దినమంతయు మిరపకాయలు కోయుట వ్యాయామము కాదు. ఆమెకు కావలసినది విశ్రాంతి.

ఆ విశ్రాంతి ఎవరికి దక్కినది? 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము ఉద్యోగినులకు జీతముతో సెలవును, బిడ్డకు పదునైదు నెలలు వచ్చువరకు దినమునకు రెండుమార్లు పాలిచ్చు విరామమును కల్పించెను. 2017లో ఆ సెలవు 26 వారములైనది. దినకూలికి పొలము పోవు స్త్రీకి అది వర్తించుట లేదు. 2013 ఆహార భద్రతా చట్టము ప్రసవానంతరము ఆరు నెలలవరకు అంగన్‌వాడీలో ఉచిత భోజనమును ఆమెకు హక్కుగా నిచ్చినది. కూలి పోకుండ ఇంట నుండు హక్కు మాత్రము ఇంకను రాలేదు.

సుశ్రుతుడు చెప్పిన నెల పదునైదు దినములు కలవారి ఇండ్లలో ఆచారముగా నిలిచినవి. కూలివారి ఇండ్లలో కూడ అవి నిలువవలెనన్నచో అత్తగారును, భర్తయు, పొలము గల ఆసామియు ముగ్గురును పూనుకొనవలెను. పథ్యము పేర పెట్టిన నిషేధములను వదలి, తెలగపిండి కూరను, కడుపునిండ నీటిని, ఆ కొద్ది దినముల విశ్రాంతిని ఆమెకు మిగిల్చినచో మన పెద్దల మాటయు, శాస్త్రజ్ఞుల మాటయు రెండును దక్కును.